దస్తగిరి ఇంటి తనఖా మార్పించిన సంగతి

ముప్పై ఏళ్ళకు పైగా ప్రొద్దుటూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందర, రేకుల పంచలో కూర్చుని దస్తావేజులు రాశాను. ఎంతమంది రిజిస్ట్రార్లు మారారు, ఏ ఏడాది ఎన్ని కాగితాలు రాశాను అన్న లెక్కలు ఇక్కడ పెట్టను. వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు గుండ్రని అక్షరం, స్టాంపు రేట్లు, చట్టంలోని నాలుగు ముక్కలు వస్తే చాలనుకుంటారు. అవన్నీ ఆరు నెలల్లో వస్తాయి. రానిది ఒకటుంది. ఇల్లు ఒకచోట తనఖాలో ఉన్న మనిషి మీ ముందర కూర్చుని, "ఇది ఇట్లనే ఉంచుకునేదా, వడ్డీ తక్కువ దొరికే చోట పెట్టి దీన్ని తీర్చేసేదా?" అని అడుగుతాడు. జవాబు చెప్పడం నిజానికి మన పని కాదు. కానీ చెప్తాము.

నేను ఒకాయనకు చెప్పాను. ఆయన ఇల్లు పోయింది. ఆయన పేరు దస్తగిరి, టైలరు.

జమ్మలమడుగు అయ్యవారు

నేను పని నేర్చుకున్నది జమ్మలమడుగులో, ఒక ముసలాయన దగ్గర. అందరూ అయ్యవారు అనేవాళ్ళు, నేనూ అట్లే పిలిచాను. ఎనిమిదో తరగతితో నా చదువు ఆగింది. అయితే ఊళ్ళో గ్రంథాలయం ఉంది. సాయంత్రం ఆఫీసు మూయగానే అక్కడికి పోయి కూర్చునేవాణ్ణి. ఆస్తి బదిలీ చట్టం తెలుగులో చదివాను. చక్రవడ్డీ లెక్కలు నేర్చుకున్నాను. దస్తావేజుల్లో అందరం కళ్ళు మూసుకుని రాసే "నిధి నిక్షేప జల తరు పాషాణ" అన్న వరసలో ఒక్కొక్క మాటకు అర్థమేమిటో నిఘంటువు తీసి చూసుకున్నాను. మా ప్రొద్దుటూరు పంచలో కూర్చునే ఆరుగురిలో అది చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అయ్యవారు పుస్తకం ముట్టేవాడు కాదు. తనఖా మార్చుకోవాలా అని ఎవరైనా అడిగితే కలం కింద పెట్టేవాడు.

"నాయనా, నువ్వు ఏది రాయమంటే అది రాస్తా. రాయమనేది, వద్దనేది నీ ఇంటి సంగతి. మీ ఇంట్లో పొయ్యి ఏ మూలకు ఉండాదో నాకేమెరుక?"

ఒకసారి నేను ఉండబట్టలేక, "అయ్యవారూ, ఆయనకు లెక్క తెలియదు, మనకు తెలుసు. చెప్తే ఏం పోతుంది?" అన్నాను.

"పోతే మనది పోదు గదరా. అందుకే చెప్పను" అన్నాడు.

పిరికివాడు అనుకున్నాను. ఇప్పుడు కూడా సగం అట్లే అనుకుంటాను. తెలిసినవాడు నోరు మూసుకుంటే తెలియనివాడు ఎవరిని అడగాలి? అయ్యవారి మౌనం వల్ల చెడిన ఇళ్ళూ ఉన్నాయి. నా నోటివల్ల చెడిన ఇల్లు ఒకటుంది.

పులివెందులలో వచ్చిన పేరు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలో నేను రెండేళ్ళు పులివెందులలో రాశాను. అక్కడ ఓబుళరెడ్డి అనే రైతు ఇల్లు ఒక వ్యాపారి దగ్గర తనఖాలో ఉండేది. ఎనిమిది నూర్లు తీసుకున్నాడు. వడ్డీ కట్టలేని ఏడాది ఆ వడ్డీ అసలులో కలిసేది. అట్లా కలిసి కలిసి పద్నాలుగు నూర్లయింది. ఇంకో మూడేళ్ళు గడిస్తే ఇంటి విలువకంటే బాకీ ఎక్కువ అవుతుందని కాగితం మీద వేసి చూపించాను. సహకార సంఘంలో తక్కువ వడ్డీకి తీసుకుని వ్యాపారిది తీర్చేయమన్నాను. ఆయన అట్లే చేశాడు. రెండు పంటలు బాగా పండాయి. ఇల్లు నిలబడింది. బస్సు మీద ఒక మూట శెనక్కాయలు వేసి పంపాడు.

నేను చెప్పింది అక్కడ సరైన మాటే. కానీ ఆ మూట నాకు చెరుపు చేసింది. లెక్క సరిపోతే ఇల్లు నిలబడుతుందని నమ్మేశాను. ఓబుళరెడ్డి కూడు పుట్టేది చేలో. ఆ ఇంట్లో ఆయన తిని పడుకునేవాడు, అంతే. తనఖా ఎవరి చేతికి మారినా ఆయన నాగలికి తెలియదు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నాకు తట్టలేదు.

దస్తగిరి వచ్చిన రోజు

ప్రొద్దుటూరికి మారిన తర్వాత, నయాపైసలు వచ్చిన కొత్తల్లో, ఒక మధ్యాహ్నం దస్తగిరి, అతని భార్య ఖాసింబీ మా పంచలోకి వచ్చారు. అతనికి నలభై ఏళ్ళుంటాయి. మెడలో కొలత టేపు అట్లే వేలాడుతూ ఉంది. తీయడం మరిచిపోయి వచ్చాడు.

"రైటరప్పా, పులివెందులలో ఎవరిదో ఇల్లు నిలబెట్టినావంట గదా" అన్నాడు.

"నేను కాదు, లెక్క నిలబెట్టింది" అన్నాను.

పాత దస్తావేజు ఇచ్చాడు. పన్నెండేళ్ళ కిందటిది. వాళ్ళ నాయన కాలంలో వానకు మట్టి మిద్దె కూలింది. మళ్ళీ కట్టడానికి సుబ్బరామయ్య శెట్టి అనే గుడ్డల వ్యాపారి దగ్గర పదహారు నూర్లు తీసుకున్నారు.

"వడ్డీ ఇచ్చేది మాకు కూడదు అన్యాడు మా నాయన. సరేలేప్పా, వడ్డీ వద్దు, వీధి పక్క గది నాకిడువు, అంగడి పెట్టుకుంటా, నా దుడ్లు ఎప్పుడిస్తే అప్పుడు ఖాళీ చేస్తా అన్యాడు శెట్టి. అప్పటినుంచీ ఇట్లనే ఉండాది" అని దస్తగిరి చెప్పాడు.

దీన్ని స్వాధీన తనఖా అంటారు. అప్పిచ్చినవాడు వడ్డీకి బదులు ఆస్తిని అనుభవిస్తాడు. నేను వెంటనే కాగితం తీశాను. ఆ వీధిలో అటువంటి గదికి బాడుగ నెలకు ఇరవై రూపాయలు. ఏడాదికి రెండు వందల నలభై. పదహారు నూర్లకు రెండు వందల నలభై అంటే నూటికి పదిహేను.

"నువ్వు వడ్డీ ఇవ్వడం లేదనుకుంటాండావు. నూటికి పదిహేను ఇస్తాండావు. బ్యాంకులో ఏడున్నర" అన్నాను.

దస్తగిరి నా కాగితం మీదికి వంగాడు. నేను లెక్కలో ఇంకా లోపలికి పోయాను. ఊళ్ళో ఒక సహకార బ్యాంకు ఇళ్ళ మీద పదేళ్ళ గడువుకు అప్పు ఇస్తూ ఉండేది. ఏడాదికి అసలు నూట అరవై, మొదటి ఏడు వడ్డీ నూట ఇరవై, మొత్తం రెండు వందల ఎనభై, రెండు కిస్తులు. గది చేతికొస్తే బాడుగ రెండు వందల నలభై. చేతినుంచి వేసుకోవలసింది ఏడాదికి నలభై రూపాయలు. అదీ ఏటేటా తగ్గుతుంది. పదేళ్ళకు ఇల్లు మొత్తం నీది.

"ఇట్లనే ఉంటే?" అన్నాడు.

"నూరేండ్లున్నా పదహారు నూర్లు పదహారు నూర్లే."

ఖాసింబీ కొంగు సర్దుకుని మెల్లగా అంది: "శెట్టి అంగడి ఉంటే నలుగురు వస్తాంటారు, పోతాంటారు. అదీ ఒగ బాగే గదప్పా."

"నలుగురు వస్తే నీకేమొస్తాది తల్లీ? బాడుగ అయితే చేతికొస్తాది" అన్నాను.

ఆమె కొంగు మళ్ళీ సర్దుకుని లేచింది.

ఆమె మాట నాకు అర్థం కావాలంటే ఆ ఇల్లు చూసి ఉండాలి. నేను చూడలేదు. హద్దులన్నీ పాత దస్తావేజులోనుంచే ఎత్తి రాసుకున్నాను. చూసి ఉంటే ఏం కనబడేదో చెప్తాను. వీధి పక్క గదిలో శెట్టి అంగడి. దాని ముందర రాతి అరుగు. అరుగు మీద దస్తగిరి మిషను. గుడ్డ కొన్నవాడు మెట్టు దిగకముందే లోపలినుంచి శెట్టి కేక వేస్తాడు: "దస్తగిరీ, ఈయప్పకు కొలతలు తీసుకో!" చొక్కాకు ఎన్ని గజాలు పడుతుందో శెట్టి అతన్నే అడిగి చించుతాడు. రంజానుకు, ఉగాదికి, బడులు తెరిచే నెలలో ఆ అరుగు మీద గుడ్డల కుప్ప మనిషి ఎత్తు ఉంటుంది. మా ఊళ్ళో గుడ్డల అంగడికి టైలరు అంగట్లో తక్కెడలాంటివాడు. అరుగుకు బాడుగ లేదు, కాగితం లేదు, అడిగేవాడు లేడు. మంచి నెలలో దస్తగిరికి అరవై రూపాయలు దాటేది. అంతా ఆ గదిలోనుంచి నడిచి వచ్చిన గిరాకీయే.

టైలరని తెలుసు. ఎక్కడ కుడతావని మాత్రం అడగలేదు.

ఇంకొకటి కూడా దాచకుండా చెప్పాలి. పాత తనఖా తీరిపోయినట్టు చెల్లు ఒక కాగితం, కొత్త తనఖా ఇంకొకటి. ఉన్నది ఉన్నట్టే ఉంచుకోమంటే నాకు రాసే పనే లేదు. ఆ రోజు నేను కూలి కోసం చెప్పానని అనను. అది నా కలానికి ఏ మాత్రం తోడు కాలేదని కూడా అనలేను.

చెల్లు రాసిన రోజు

బ్యాంకు అప్పు మంజూరైంది. శెట్టి డబ్బు లెక్కపెట్టుకుని, చెల్లు కాగితం మీద సంతకం పెట్టడానికి మా పంచకు వచ్చాడు. తెల్లటి పంచె, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు.

"నాకేమప్పా, నా దుడ్లు నాకొచ్చె. పెద్ద బజారులో గది చూసుకున్యా" అన్నాడు. కలం తీసుకుని, మళ్ళీ దస్తగిరి వైపు తిరిగాడు. "ఏమప్పా, నీ మిషను సంగతి ఆలోచన చేసినావా?"

దస్తగిరి నోరు తెరవకముందే నేను అందుకున్నాను.

"ఏం శెట్టిగారూ, నూటికి పదిహేను చేజారి పోతాందని కడుపు మండుతాందా?"

పంచలో ఉన్న రైటర్లందరూ నవ్వారు. సాక్షి సంతకానికి వచ్చినవాళ్ళు నవ్వారు. దస్తగిరి కూడా నవ్వాడు. శెట్టి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని సంతకం చేసి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆ ఇంటి గురించి సరైన ప్రశ్న అడిగినవాడు ఆయనొక్కడే. లాభం పోయేవాడి నోట నిజం రాదని నేను పుస్తకంలో చదవలేదు. ఎక్కడ నేర్చుకున్నానో తెలియదు.

నూనె అంగడి

గది నెల లోపలే బాడుగకు పోయింది. నెలకు ఇరవై రూపాయలే, నేను చెప్పినంతే. తీసుకున్నది శెనక్కాయ నూనె, పశువులకు పెట్టే చెక్క అమ్మే ఒక వర్తకుడు. గుడ్డల అంగడివాళ్ళనూ అడిగి చూశారట. అప్పటికే వాళ్ళంతా పెద్ద బజారు వైపు పోతున్నారు, ఆ వీధిలోకి రామన్నారు.

నూనె అంగడికి వచ్చేవాడు సీసా తెస్తాడు, పోయించుకుంటాడు, పోతాడు. వాడికి చొక్కా గుర్తుకు రాదు. పైగా డబ్బాలు దించేది ఆ అరుగు మీదనే. రాయంతా జిడ్డు. ఒక కరణం గారి తెల్ల పాప్లిను గుడ్డకు నూనె మరక అంటితే దస్తగిరి తన డబ్బుతో కొత్త గుడ్డ కొనిచ్చాడు. రెండోసారి ఎవరిదో రవికె గుడ్డ. ఆ తర్వాత పాత గిరాకీ కూడా జంకింది. మిషను నడవలోకి జరిపాడు. లోపలికి వచ్చి కుట్టించుకునేవాళ్ళు ఎవరు?

కొత్త అంగడి అరుగు మీద చోటు అడగడానికి శెట్టి దగ్గరికీ పోయాడు. శెట్టి తిట్టలేదు, దెప్పలేదు. "రా అప్పా అనేదానికి నాకూ మనసుండాది. కానీ ఆ అరుగు మీద ముందునుంచీ ఒగడుండాడు. పిల్లలు గలోడు. వాణ్ణి లేపేదెట్ల?" అన్నాడట. అది కూడా న్యాయమే. మా ఊళ్ళో అరుగు మీద ఉన్న టైలరును లేపేవాణ్ణి మనిషిగా చూడరు.

మొదటి కిస్తు ఉన్న డబ్బుతో కట్టారు. తర్వాత గది బాడుగ ఇరవై ఇంటి ఖర్చుకే సరిపోయింది. కిస్తుకు అనుకున్న డబ్బుతో బియ్యం కొన్నారు. రెండో కిస్తు సగం కట్టారు, మూడోది కట్టలేదు. బ్యాంకువాళ్ళు ఒకసారి గడువిచ్చారు. రెండోసారి అపరాధ వడ్డీతో నోటీసు ఇచ్చారు. వాళ్ళ తప్పు లేదు. కాగితంలో ఉన్నదే చేశారు. ఆ కాగితం రాసింది నేను.

అప్పుడు గానీ ఇంకొక సంగతి నాకు తెలియలేదు. శెట్టి తనఖా పదహారు నూర్లలోనే నిలిచిపోయిందని నేను ఎగతాళి చేశాను. అది తగ్గదు, నిజమే. పెరగదు కూడా. దస్తగిరి పదేళ్ళు ఒక్క పైసా ఇవ్వకపోయినా ఎవరూ వచ్చి ఇల్లు వేలం వేస్తామనరు. జబ్బు చేసినా, గిరాకీ లేకపోయినా ఆ ఇల్లు కదలదు. అటువంటి బాకీని నేను కిస్తులున్న బాకీగా మార్చాను. వడ్డీ సగమైంది. నా లెక్కలో తప్పు లేదు. ఈ రోజు మళ్ళీ వేసినా అదే వస్తుంది.

మీరు అడగవలసినది

తనఖా మార్చుకోవాలా అని ఎవరైనా అడిగితే అయ్యవారిలా కలం కింద పెట్టకండి. నాలా కాగితం కూడా తీయకండి. మొదట ఆ ఇంటికి పోండి. కాసేపు కూర్చోండి. ఆ ఇంట్లో ఎవరు, ఎక్కడ కూర్చుని, ఏం సంపాదిస్తున్నారో చూడండి. పాత అప్పులవాడు పోతే వాడితో పాటు ఏమేమి పోతాయో అడగండి. దస్తావేజులో రాయనివి చాలా ఉంటాయి. గిరాకీ ఉంటుంది, ఓపిక ఉంటుంది, మాట సాయం ఉంటుంది. పంట రాని ఏడు, జబ్బు చేసిన ఏడు కిస్తు ఎక్కడినుంచి వస్తుందో నోటితో చెప్పించండి. చెప్పలేకపోతే వడ్డీ ఎంత తక్కువైనా మార్చవద్దనండి. ఆడవాళ్ళు ఒక్క మాట అని ఊరుకుంటే, ఆ మాటను మళ్ళీ అడగండి. ఇంట్లో ఏది దేనివల్ల నడుస్తుందో వాళ్ళకు తెలిసినంత మగవాళ్ళకు తెలియదు.

ఇన్ని చేసినా తప్పు జరగవచ్చు. అప్పుడు కనీసం మీరు ఆ ఇల్లు చూసి ఉంటారు.

గ్రంథాలయానికి పోవడం నేను మానలేదు, మిమ్మల్నీ మానమనను. నాకు కోపం ఉంటే నా తొందర మీదనే.

అమ్మకం కాగితం

వేలం దాకా పోతే ఏమీ మిగలదని దస్తగిరి ఇల్లు అమ్మడానికి సిద్ధపడ్డాడు. కొన్నది నూనె వర్తకుడే. బ్యాంకు బాకీ పోగా తొమ్మిది నూర్లకు లోపల మిగిలింది. చాపాడులో ఖాసింబీ అన్న ఉన్నాడు, అక్కడికి పోతామన్నారు.

క్రయపత్రం వేరే రైటరు దగ్గర రాయించుకుంటారనుకున్నాను. పంచలో ఇంకా అయిదుగురు ఉన్నారు. వాళ్ళందరినీ దాటి దస్తగిరి నా ముందరే వచ్చి కూర్చున్నాడు.

"నువ్వే రాయప్పా. ఆ ఇంటి సంగతి నీకు తెలుసు గదా" అన్నాడు.

ఎత్తిపొడుపో, మామూలు మాటో ఇప్పటికీ తెలియదు. గొంతులో కోపం లేదు.

రాస్తూ రాస్తూ ఆగి, వర్తకుడికి వినబడకుండా అడిగాను. "అరుగు మీద మిషను పెట్టుకునే హక్కు నీకుండేటట్టు ఒక మాట రాయమంటావా? ఆయప్పను నేను ఒప్పిస్తా."

"నూనంగడి ముందర ఎవరు కుట్టించుకుంటారప్పా" అన్నాడు. "రాసెయ్. బస్సుకు టైమయితాంది."

రాశాను. చదివి వినిపించాను. అతను సంతకం పెట్టాడు. ఖాసింబీ సాక్షిగా వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను గోడకు తుడిచింది. నావైపు చూడలేదు.

దస్తగిరి జేబులోనుంచి రెండు రూపాయలు తీశాడు. వద్దన్నాను. మళ్ళీ చేయి చాపాడు. మళ్ళీ వద్దన్నాను.

"తీసుకో అప్పా. రాసిన కూలి రాసిన కూలే. నేను కుట్టిన చొక్కా పట్టకపోయినా కూలి అడిగేవాణ్ణే గదా." ఆ నోట్లు నా రాత పలక మీద పెట్టి, గాలికి ఎగరకుండా సిరాబుడ్డి వాటి మీద జరిపాడు. "కాకుంటే ఒగటి. నేనెప్పుడూ కొలతలు చూడకుండా కుట్టలేదు."

చెప్పులు వేసుకుని ఇద్దరూ బస్సుల వైపు నడిచారు. నేను ఆ రెండు రూపాయలు తీసుకున్నాను. తీసుకోకపోతే ఆ మాట విననట్టు నటించినట్టయ్యేది.